పని పంపించాక బాధ్యత ఎవరిది?

సర్వర్లలో నడిచే ప్రోగ్రాముల కాలం చాలావరకు ఎదురుచూపులకే పోతుంది. బస్సు టికెట్ల యాప్‌లో ఊరి పేర్లు కొట్టి వెతకమనగానే, వెనక ఉన్న సర్వర్ ఖాళీ సీట్ల కోసం ఒక సర్వీసును, ఛార్జీల కోసం మరో సర్వీసును, ఆఫర్ల కోసం ఇంకో సర్వీసును అడగాలి. ఒక్కో జవాబుకు 100 మిల్లీసెకన్లు పడుతుందనుకుందాం. ఒకదాని తర్వాత ఒకటి అడిగితే 300 అవుతాయి, మూడూ ఒకేసారి అడిగితే దాదాపు 100తో సరిపోతుంది. ఈ లాభం దగ్గర ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఆ తర్వాతే మొదలవుతుంది. ఛార్జీల సర్వీసు ఎర్రర్ ఇస్తే అది ఎవరి చేతికి రావాలి? మిగతా రెండు పనులను నడవనివ్వాలా, ఆపేయాలా? ఈలోగా ప్రయాణికుడు యాప్ మూసేస్తే ఆ పనుల గతేమిటి? ఎసింక్రనస్ పనుల చరిత్రను వేగం కథగానో, కోడు చదవడానికి తేలిగ్గా మారిన కథగానో చెప్పుకోవడం మనకు అలవాటు. ఆ రెండూ నిజమే అయినా, దాదాపు యాభై ఏళ్లుగా భాషల రూపకర్తలను వదలకుండా వెంటాడింది బాధ్యత ప్రశ్న అని నా వాదన. మొదలుపెట్టిన ప్రతి పనికీ ఒక యజమాని ఉండాలి. దాని ఫలితం, ఎర్రర్, రద్దు మూడూ ఆ యజమాని ఖాతాలోకే రావాలి. ఈ నియమాన్ని భాషా లైబ్రరీలే పాటింపజేస్తాయా, ప్రోగ్రామర్ జాగ్రత్తకు వదిలేస్తాయా అన్నదాన్ని బట్టే వాటిని తూచాలి.

ఈ ప్రశ్న కొత్తది కాదనడానికి మొదటి సాక్ష్యం 1977 నాటిది. హెన్రీ బేకర్, కార్ల్ హ్యూయిట్ ఆ ఏడాది రాసిన పత్రంలో ఫ్యూచర్ అనే భావన కనిపిస్తుంది. ఫంక్షన్‌కు ఇచ్చే ఒక్కో ఆర్గ్యుమెంటును ఒక్కో ప్రత్యేక ప్రాసెస్ లెక్కగడుతుంది, ఫంక్షన్ మాత్రం ఆగకుండా ముందుకు సాగుతుంది, విలువ నిజంగా అవసరమైన చోట ఆగి అందుకుంటుంది. ఫ్యూచర్ అంటే టైలర్ ఇచ్చే రసీదు లాంటిదే: బట్టలు ఇంకా కుట్టలేదు, కానీ వాటి మీద హక్కు మన చేతికి వచ్చేసింది. అయితే ఆ పత్రం అసలు విషయం ఈ సౌకర్యం కాదు. ప్రాసెస్‌ల గార్బేజ్ కలెక్షన్ దాని విషయం, శీర్షికలోనే ఆ మాట ఉంది. పుట్టినప్పుడు అవసరమనుకున్న ఫ్యూచర్ తర్వాత ఎవరికీ అక్కరలేకుండా పోతే ఏం చేయాలన్నది వాళ్లను పట్టిన ప్రశ్న. ఒకే సమస్య మీద అనేక పద్ధతులను ఒకేసారి పరుగెత్తించి, ముందు వచ్చిన జవాబు తీసుకుంటే, ఓడిపోయిన ప్రాసెస్‌లను గుర్తుపట్టి, ఆపి, పనికొచ్చే చోట పెట్టాలి కదా అని వాళ్లు అప్పుడే అడిగారు. సరిగ్గా 38 ఏళ్ల తర్వాత, 2015లో జావాస్క్రిప్ట్ ప్రమాణంలోకి ప్రామిస్ రేస్ వచ్చింది (ఫ్యూచర్‌కు అక్కడి పేరు ప్రామిస్). అందులో ముందొచ్చిన ఫలితం చేతికి అందుతుంది. ఓడిపోయిన పనులు మాత్రం నెట్‌వర్క్‌ను, మెమరీని తింటూ నడుస్తూనే ఉంటాయి. భావన ప్రపంచమంతా పాకింది, దాన్ని ప్రతిపాదించినవాళ్లు మొదటి రోజే లేవనెత్తిన సందేహం దారిలో జారిపోయింది.

మధ్యలో సందేహాన్ని మరిచిపోనివాళ్లు లేకపోలేదు. 1988లో బార్బరా లిస్కోవ్, ల్యూబా ష్రీరా ఆర్గస్ భాష కోసం ప్రామిస్‌లను రూపొందించారు. దూరపు కంప్యూటర్‌ను పిలిచి జవాబు కోసం కాచుక్కూర్చోకుండా పని సాగించడం వాళ్ల లక్ష్యం. ఆ ప్రామిస్‌కు కచ్చితమైన టైపు ఉంటుంది. పిలుపు విఫలమైతే, ఫలితం అడిగిన చోటే ఎక్సెప్షన్ లేస్తుంది. అంటే ఎర్రర్ గాలిలో కలిసిపోదు, రసీదు పట్టుకొచ్చినవాడి చేతిలోనే పడుతుంది. 2004లో జావా 5తో పాటు డగ్ లీ నాయకత్వంలో వచ్చిన కాంకరెన్సీ లైబ్రరీ ఇదే పద్ధతిని మామూలు ఉద్యోగపు కోడులోకి తెచ్చింది. ఎగ్జిక్యూటర్‌కు పని అప్పగిస్తే ఫ్యూచర్ వస్తుంది, గెట్ అని అడిగితే ఫలితమో ఎక్సెప్షనో వస్తుంది. లోపమెక్కడంటే, ఎవరూ గెట్ అని అడగకపోతే ఆ ఎక్సెప్షన్ ఫ్యూచర్ లోపలే ఉండిపోతుంది. లాగ్‌లో ఒక్క ముక్క కూడా రాకుండా పని చచ్చిపోతుంది. రసీదు పారేసుకున్నవాడికి బట్టలు చిరిగిన సంగతి కూడా తెలియదు. ఫలితాన్ని ఒక వస్తువుగా మార్చడం పెద్ద ముందడుగు, కానీ వస్తువును పారేసుకోవచ్చు కూడా.

ఈలోగా వెబ్ పెరిగింది. ఒకే సర్వర్ పదివేల కనెక్షన్లను ఎలా మోయాలన్న సమస్యను 1999లో డాన్ కెగెల్ చర్చకు పెట్టాడు. ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్ థ్రెడ్ కేటాయిస్తే స్టాక్ మెమరీ, థ్రెడ్ల మధ్య మారే ఖర్చు భారమవుతాయి. 2009లో రయన్ డాల్ విడుదల చేసిన నోడ్ దీనికి సూటి సమాధానం ఇచ్చింది: జావాస్క్రిప్ట్ కోడు నడిపేది ఒకే థ్రెడ్, దాని మీద ఈవెంట్ లూప్, ప్రతి పనికీ ఒక కాల్‌బ్యాక్. కాల్‌బ్యాక్‌లో కాచుక్కూర్చోవడం ఉండదు, కానీ ఎర్రర్ దారి తెగిపోతుంది. ట్రై, క్యాచ్ దిమ్మెలో కాల్‌బ్యాక్‌ను అప్పగించినా, అది నడిచే వేళకు ఆ దిమ్మె ఎప్పుడో ముగిసిపోయి ఉంటుంది. అందుకే నోడ్‌లో మొదటి ఆర్గ్యుమెంట్‌గా ఎర్రర్ ఇవ్వాలనే ఆనవాయితీ పుట్టింది. దాన్ని చూడకుండా వదిలేసినా అడిగే నాథుడు లేడు. ప్రామిస్‌లు, వాటి మీద ఎసింక్, అవెయిట్ వచ్చి ఈ తెగిన దారిని మళ్లీ అతికించాయి. 2012లో సీ షార్ప్ 5, 2015లో పైథాన్ 3.5, 2017లో జావాస్క్రిప్ట్, 2019లో రస్ట్ 1.39 ఈ రూపాన్నే తీసుకున్నాయి. అవెయిట్ రాసిన చోట కోడు మామూలు ఫంక్షన్ పిలుపులా చదువుకోవచ్చు, ఎక్సెప్షన్ మామూలుగానే పైకి వస్తుంది. ఎసింక్ ఫంక్షన్లు ఒక రంగు, మామూలు ఫంక్షన్లు మరో రంగు అయిపోయి, ఒకటి పట్టుకుంటే పిలిచిన వరుసంతా ఆ రంగు అంటుకుంటుందని 2015లో బాబ్ నిస్ట్రమ్ చేసిన విమర్శ న్యాయమైనదే. నా దృష్టిలో అది చికాకు, ప్రమాదం వేరే చోట ఉంది. అవెయిట్ రాయడం మరిచిపోయినా చాలా భాషల్లో కోడు కంపైల్ అవుతుంది, నడుస్తుంది కూడా. హెచ్చరికలు, లింటర్లు కొంతవరకే కాపాడతాయి. పని యజమాని లేకుండా ఎక్కడికో వెళ్లిపోతుంది.

ఎవరూ పట్టించుకోని ఎర్రర్‌ను ఏం చేయాలన్న విషయంలో పెద్ద వేదికలే తడబడిన తీరు చూస్తే ఈ ప్రమాదం ఎంత నిజమో తెలుస్తుంది. 2010లో డాట్‌నెట్ 4 కఠినంగా మొదలైంది. విఫలమైన టాస్క్ ఎక్సెప్షన్‌ను ఎవరూ చూడకపోతే, ఆ టాస్క్‌ను గార్బేజ్ కలెక్టర్ ఊడ్చే వేళకు ప్రాసెస్ మొత్తం కూలిపోయేది. తప్పు జరిగిన క్షణానికీ కూలిన క్షణానికీ సంబంధం ఉండదు కాబట్టి కారణం వెతుక్కోవడం నరకం. 2012లో డాట్‌నెట్ 4.5 మెత్తబడింది. ఎసింక్, అవెయిట్ వల్ల చూడకుండా వదిలేసే టాస్క్‌లు పెరుగుతాయని తెలుసు కాబట్టి, అలాంటి ఎక్సెప్షన్‌ను మౌనంగా మింగేయడమే మామూలు పద్ధతి అయింది. నోడ్ సరిగ్గా ఎదురు దిశలో నడిచింది. అక్కడ మొదట పట్టించుకోని ప్రామిస్ ఎర్రర్‌కు శిక్ష లేదు, తర్వాత హెచ్చరిక వచ్చింది, 2020 అక్టోబరులో వచ్చిన నోడ్ 15 నుంచి ప్రాసెస్ ఆగిపోవడమే నియమం. పైథాన్ మధ్యేమార్గంగా, టాస్క్‌ను ఊడ్చేటప్పుడు ఎక్సెప్షన్‌ను ఎవరూ తీసుకోలేదని లాగ్‌లో ఒక వాక్యం రాస్తుంది. ఒకరు కఠినం నుంచి మెత్తదనానికి, ఇంకొకరు మెత్తదనం నుంచి కఠినానికి వెళ్లారంటే, ఎవరి తెలివితక్కువతనమో దీనికి కారణం కాదు. యజమాని ఎవరో తెలియని ఎర్రర్‌కు సరైన గమ్యం లేనే లేదు. మింగితే దాచినట్టు, కూల్చితే సంబంధం లేని వందమంది వినియోగదారులను శిక్షించినట్టు.

పైథాన్‌లోనే ఇంకో చిన్న వివరం ఈ సంగతిని మరీ దగ్గరగా చూపిస్తుంది. ఎసింక్ఐఓలో క్రియేట్ టాస్క్ అని పిలిస్తే పని మొదలై, టాస్క్ ఆబ్జెక్టు చేతికొస్తుంది. దాన్ని ఏ వేరియబుల్‌లోనూ పెట్టుకోకుండా వదిలేయవచ్చు, కొత్తగా నేర్చుకునేవాళ్లు తరచూ చేసేది అదే. అయితే ఈవెంట్ లూప్ టాస్క్‌లను బలహీన రిఫరెన్సులతోనే పట్టుకుంటుంది. అంటే మరెవరూ పట్టుకోకపోతే గార్బేజ్ కలెక్టర్ ఆ టాస్క్‌ను సగం పనిలోనే ఎత్తుకుపోవచ్చు. ఫలితాన్ని ఎక్కడో ఒకచోట దాచుకోమని పైథాన్ అధికారిక పత్రాలే హెచ్చరిస్తాయి. పరీక్షల్లో ఇది దొరకదు, ఎందుకంటే కలెక్టర్ ఎప్పుడు నడుస్తుందో దాని ఇష్టం. యజమాని లేని పని వట్టి మాటవరసకే కాదు, అక్షరాలా మాయమైపోతుంది.

ఎర్రర్ తర్వాత వచ్చేది రద్దు. ఇక్కడ దారుణమైన తేడాలున్నాయి. జావా మొదట్లో థ్రెడ్‌ను బయటినుంచి బలవంతంగా ఆపే స్టాప్ పద్ధతి ఇచ్చింది. తాళం పట్టుకున్న థ్రెడ్ మధ్యలో చస్తే డేటా సగం మారిన స్థితిలో మిగిలిపోతుందని గ్రహించి, దాన్ని వాడొద్దని 1998లో జావా 1.2 నాటికే ప్రకటించింది. అప్పటినుంచి రద్దు అంటే ఆజ్ఞ కాదు, అభ్యర్థన: పని తనంతట తాను గమనించి, సర్దుకుని, తప్పుకోవాలి. డాట్‌నెట్ క్యాన్సిలేషన్ టోకెన్, గో భాషలోని కాంటెక్స్ట్, బ్రౌజర్లలోని అబార్ట్ కంట్రోలర్ ఈ సూత్రం మీదే నిలిచాయి. ప్రామిస్‌కే రద్దు నేర్పాలన్న జావాస్క్రిప్ట్ ప్రతిపాదనను 2016లో వెనక్కి తీసుకున్నారు. రసీదుకు కూడా రద్దు చేసే అధికారం ఇస్తే, ఒకే రసీదును పంచుకున్న ఇద్దరిలో ఒకరు ఇంకొకరి పనిని ఆపేయగలరు. ఇది నిజమైన చిక్కే. 2014లో జావా 8తో వచ్చిన కంప్లీటబుల్ ఫ్యూచర్‌లో క్యాన్సిల్ అని పిలిస్తే ఫ్యూచర్ రద్దయినట్టు కనిపిస్తుంది, లోపల నడుస్తున్న పనికి ఇంటరప్ట్ వెళ్లదు. ఫలితాన్ని మాత్రమే పట్టుకున్న వస్తువుకు పని మీద పెత్తనం లేదు. పని మీద పెత్తనం ఉన్నది దాన్ని మొదలుపెట్టిన చోటికి. ఫలితం, ఎర్రర్, రద్దు మూడింటినీ ఒక్క చోట కలపాలంటే ఆ చోటునే భాషలో ఒక రూపంగా నిలబెట్టాలి.

ఆ పని చేసిందే స్ట్రక్చర్డ్ కాంకరెన్సీ. ఈ పేరు 2016లో మార్టిన్ సుస్ట్రిక్ పెట్టాడు. 2018లో నథానియెల్ స్మిత్ తన పైథాన్ లైబ్రరీ ట్రియో నేపథ్యంలో దానికి పూర్తి వాదన సమకూర్చాడు. గోటూ వాక్యం కోడు దారిని అర్థం కాకుండా చేస్తుందని 1968లో డైక్‌స్ట్రా రాసిన లేఖను ఆయన ఆధారం చేసుకున్నాడు. పనిని మొదలుపెట్టి వదిలేసే వాక్యం కూడా గోటూ లాంటిదే: ఫంక్షన్ ముగిసింది కదా అనుకుంటాం, దాని తాలూకు పని ఇంకెక్కడో నడుస్తూ ఉంటుంది. పరిష్కారం సరళం. పిల్ల పనులన్నీ ఒక దిమ్మెలోనే పుట్టాలి, అన్నీ ముగిశాకే దిమ్మె ముగియాలి. బస్సు టికెట్ల ఉదాహరణకు తిరిగొస్తే తేడా కళ్లకు కడుతుంది. ఎసింక్ఐఓలోని పాత గ్యాదర్‌తో మూడు పనులూ పంపి, ఛార్జీల పని విఫలమైతే, ఎక్సెప్షన్ వెంటనే పైకొస్తుంది. సీట్లు, ఆఫర్ల పనులు మాత్రం ఎవరికీ అక్కరలేకపోయినా నడుస్తూనే ఉంటాయి. 2022లో పైథాన్ 3.11 తెచ్చిన టాస్క్‌గ్రూప్‌లో ఛార్జీల పని విఫలమైన మరుక్షణం మిగతా రెంటికీ రద్దు అభ్యర్థన వెళుతుంది, అవి తప్పుకునే దాకా గ్రూప్ ఆగుతుంది, విఫలమైన పనుల ఎర్రర్లన్నీ ఎక్సెప్షన్ గ్రూప్‌గా ఒక కట్టలో వస్తాయి. పైనున్న రిక్వెస్టుకు టైమౌట్ పెడితే అదే దారిలో కిందికి దిగుతుంది. కోట్లిన్ 2018లో, స్విఫ్ట్ 2021లో 5.5 వెర్షన్‌తో ఈ నమూనానే ఎంచుకున్నాయి. 1977 నాటి ప్రశ్నకు ఇది జవాబు: ఓడిన పనిని గుర్తుపట్టడానికి గార్బేజ్ కలెక్టర్ అక్కర్లేదు, కోడు ఆకారమే చెబుతుంది.

దీనికి మొదటి అభ్యంతరం అనుభవజ్ఞుల నుంచే వస్తుంది. పనులన్నీ అడిగినవాడి ఆయుష్షులో ఇమడవు. టికెట్ బుక్ అయ్యాక మెసేజ్ పంపడం, బిల్లు తయారుచేయడం రిక్వెస్టుకు జవాబు వెళ్లిపోయిన తర్వాత కూడా సాగాలి. వాటి కోసం వినియోగదారుడిని కూర్చోబెట్టకూడదు. మాట సరైనదే, దాని నుంచి తీసే ముగింపు సరైనది కాదు. రిక్వెస్టు కంటే ఎక్కువ కాలం బతకాల్సిన పనికి రిక్వెస్టు కంటే ఎక్కువ కాలం బతికే యజమాని కావాలి, అంతే. సర్వర్ మొదలైనప్పుడు పుట్టి, ఆగేటప్పుడు ముగిసే ఒక టాస్క్ గ్రూప్ ఆ పాత్ర వహించగలదు. సర్వర్ ఆపేటప్పుడు ఇంకా ఎన్ని పనులు మిగిలాయో చూసి, కొంత గడువిచ్చి ముగించగలదు. పని అసలు పోకూడదనుకుంటే ప్రాసెస్ మెమరీయే తప్పు చోటు. కరెంటు పోయినా నిలిచే క్యూలోనో డేటాబేస్ టేబుల్‌లోనో దాన్ని రాసి, వర్కర్ చేత చేయించాలి. వదిలేసి మరిచిపోయే పని అని మనం పిలిచేవాటిలో చాలావరకు, యజమానిని తప్పుగా ఎంచుకున్న పనులే. కోట్లిన్ రూపకర్తలు, యజమాని లేకుండానే పనులు మొదలుపెట్టనిచ్చే గ్లోబల్‌స్కోప్‌ను తీసేయలేదు, 2021 నుంచి దాన్ని సున్నితమైన ఏపీఐగా గుర్తించి, తెలిసే వాడుతున్నామని ప్రోగ్రామర్ చేత చెప్పించారు. తలుపు మూయకపోయినా గడియ పెట్టారు.

రెండో అభ్యంతరం మరింత బలమైనది. గో, ఎర్లాంగ్ ఈ దిమ్మెలేవీ లేకుండానే భారీ వ్యవస్థలను మోస్తున్నాయి కదా? ఎర్లాంగ్ సంగతి ముందు చూద్దాం. ఎరిక్‌సన్‌లో జో ఆర్మ్‌స్ట్రాంగ్ తదితరులు 1980లలో మొదలుపెట్టిన ఆ భాషలో ప్రాసెస్‌లను లింక్ చేయవచ్చు, సూపర్‌వైజర్ కింద పెట్టవచ్చు. పిల్ల చస్తే సూపర్‌వైజర్‌కు తెలుస్తుంది, మళ్లీ పుట్టించాలా, తోటివాటిని కూడా ఆపాలా అన్నది ముందే రాసిపెట్టి ఉంటుంది. ఇది యజమాని లేని లోకం కాదు, ప్రతి ప్రాసెస్‌కూ యజమాని ఉన్న చెట్టు. అది నా వాదనకు సాక్ష్యమే తప్ప వ్యతిరేకం కాదు. గో విషయంలో ఒప్పుకోవాల్సింది కొంత ఉంది. గోరూటీన్ మొదలుపెట్టడానికి రెండక్షరాల మాట చాలు, చేతికి ఏ రసీదూ రాదు. ఆ సౌలభ్యమే ఆ భాష వ్యాప్తికి తోడ్పడింది. కానీ పెద్ద గో కోడులోని ఆనవాయితీలు ఎటు వెళ్లాయో చూడండి. 2016లో గో 1.7తో కాంటెక్స్ట్ ప్రామాణిక లైబ్రరీలోకి చేరింది, అప్పటినుంచి ఫంక్షన్ల మొదటి ఆర్గ్యుమెంట్‌గా అది స్థిరపడింది. పిల్ల గోరూటీన్ల కోసం ఆగి, మొదటి ఎర్రర్‌ను పట్టి, మిగతావాటికి రద్దు పంపే ఎర్రర్‌గ్రూప్ ప్యాకేజీని గో బృందమే అందిస్తోంది. భాషలో లేని దిమ్మెను అక్కడి ప్రోగ్రామర్లు చేత్తో కట్టుకుంటున్నారు. చేత్తో కట్టినది ఒకచోట మరిచిపోతే గోరూటీన్ లీకవుతుంది, కంపైలర్ నోరు మెదపదు.

మూడో అభ్యంతరం కొత్తది. 2023లో జావా 21 వర్చువల్ థ్రెడ్లను స్థిరమైన సౌకర్యంగా ఇచ్చింది. మామూలు జావా థ్రెడ్‌కు స్టాక్ కోసం సాధారణంగా 1 మెగాబైట్ కేటాయించేవారు. వర్చువల్ థ్రెడ్ స్టాక్ అవసరాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి లక్షల్లో పుట్టించవచ్చు. థ్రెడ్ ఇంత చౌకైనప్పుడు ఫ్యూచర్లు, అవెయిట్‌లు, రంగుల గొడవ అన్నీ పోయాయి, ఎసింక్రనస్ సమస్యే తీరిపోయిందని కొందరి మాట. తీరింది ఎదురుచూపు ఖర్చు మాత్రమే. లక్ష థ్రెడ్లు చౌకగా పుట్టించగలిగితే, యజమాని లేని థ్రెడ్లు కూడా అంతే చౌకగా పుడతాయి. జావా రూపకర్తలకు ఈ సంగతి తెలుసు. వర్చువల్ థ్రెడ్లతో పాటే స్ట్రక్చర్డ్ కాంకరెన్సీని కూడా తయారుచేస్తూ వచ్చారు, జావా 21 నుంచి వరుసగా ప్రివ్యూలుగా సవరిస్తూ పెడుతున్నారు. ఖర్చు తగ్గించేది ఒకటి, బాధ్యత కట్టేది ఇంకొకటి అని వేరుగా చూడడమే ఇందులోని వివేకం.

స్ట్రక్చర్డ్ పద్ధతికి లోపాలు లేవని చెప్పడం న్యాయం కాదు. రద్దు అభ్యర్థనే కాబట్టి, వినని పిల్ల ఒక్కటున్నా దిమ్మె మొత్తం ఇరుక్కుంటుంది. మధ్యలో ఎక్కడా అవెయిట్ లేకుండా లెక్కలు చేసే లూప్, టైమౌట్ ఎరగని పాత డేటాబేస్ డ్రైవర్ ఇలాంటివే. మాయమయ్యే పనికంటే కదలని పని మేలని నా అభిప్రాయం, ఎందుకంటే కదలనిది ఎక్కడుందో స్టాక్ ట్రేస్‌లో కనిపిస్తుంది. అయినా అది ఆగిపోయిన సర్వీసే, దాన్ని తేలిగ్గా తీసుకోలేం. ఒకేసారి ఎన్ని పనులు అన్న ప్రశ్న కూడా దిమ్మె తనంతట తాను తీర్చదు. పదివేల ఐడీల జాబితా తీసుకుని అన్నిటికీ ఒకేసారి పిలుపులు పంపితే, గ్రూప్ ఉన్నా లేకపోయినా అవతలి డేటాబేస్ కుదేలవుతుంది. సెమఫోర్‌తోనో, పరిమిత సంఖ్య వర్కర్లతోనో హద్దు పెట్టాలి. హద్దు పెట్టడానికి సరైన చోటు మాత్రం మళ్లీ యజమాని దగ్గరే. ఎన్ని పనులు నడుస్తున్నాయో లెక్క తెలిసింది దానికే కాబట్టి.

తీర్పు చెప్పాల్సి వస్తే ఇలా చెబుతాను. ఫ్యూచర్ ఫలితానికి రూపమిచ్చింది, అవెయిట్ దాన్ని చదవడానికి తేలిక చేసింది, టాస్క్ గ్రూప్ దాన్ని ఒకరి బాధ్యత చేసింది. కొత్త ప్రాజెక్టుకు భాషనో లైబ్రరీనో ఎంచుకునేవారు సెకనుకు ఎన్ని రిక్వెస్టులు మోస్తుందన్న పట్టికల దగ్గరే ఆగకుండా, యజమాని లేని పనిని అది ఎంత కష్టతరం చేస్తుందో చూడాలి. పాత కోడుతో బతకాల్సినవారికి భాష మార్చే వీలు ఉండదు, కానీ కోడ్ రివ్యూ వాళ్ల చేతిలోనే ఉంటుంది. పని మొదలుపెట్టే ప్రతి వరుస దగ్గర ఆగి, దీని కోసం ఎవరు ఆగుతారు, ఇది విఫలమైతే ఎవరికి తెలుస్తుంది, దీన్ని ఎవరు ఆపగలరు అని అడగండి. మూడింటికీ ఒకే జవాబు రాకపోతే ఆ మార్పును మెర్జ్ చేయకండి.